నేను బిగించిన ఇరవై నట్లు

ఈ రోజు పొద్దున ఒక తెల్ల కారుకి ముందు చక్రం బిగిస్తుంటే టార్క్ రెంచి నా అరచేతిలో టిక్కుమంది. గ్రానైటు బ్లాకులు మోసుకెళ్లే లారీల హోరులో ఆ చప్పుడు చెవికి వినపడదు. మణికట్టు దగ్గర చిన్న చేప గింజుకున్నట్టు తెలుస్తుంది, అంతే. అది తగలగానే నా చేయి దానంతటదే ఆగిపోతుంది. ఒకప్పుడు ఆగేది కాదు. ఆగడం నేర్పిన మనిషి ఖాజా మేస్త్రిగారు. ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఆయన్ని చూడనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అక్షరాలు కూడా ఆయన దగ్గర నేర్చుకున్నవే కాబట్టి, ఇందులో తప్పులుంటే సగం ఆయనకే చెందుతాయి.

అంతకుముందు నేను చీమకుర్తిలో గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పదకొండేళ్లు పనిచేశాను. రాతి దుమ్ముకి దగ్గు పట్టుకుంది. ఆ పని మానకపోతే ఊపిరితిత్తులు మిగలవని ఆసుపత్రిలో చెప్పారు. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. అక్షరం ముక్క రాదు. ఒంగోలు వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక పొడుగాటి ముసలాయన టైరు విప్పుతుంటే వెళ్లి నిలబడ్డాను.

"ఏం కావాలమ్మా?" అన్నారాయన తలెత్తకుండానే.

"పని కావాలండీ. ఏదైనా సరే."

"ఏదైనా అనే పని నా దగ్గర లేదు. టైరు పట్టుకోగలవా?"

"పదకొండేళ్లు రాళ్లెత్తానండీ."

"రాయి వదిలితే పడిన చోటే ఉంటుంది. టైరు వదిలితే దొర్లుకుంటూ పోయి రోడ్డెక్కుద్ది. రేపు రా, చూద్దాం."

అలా చేరాను. మేస్త్రిగారిది చిలకలూరిపేట. అక్కడ లారీ బాడీలు కట్టే షెడ్లలో ముప్పై ఏళ్లు రేకు కొట్టీ కొట్టీ ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి మాత్రం పాము చెవి. ఈ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. అందరూ అంటే నేనూ, కోటయ్యా. కోటయ్యకి నా వయసే ఉంటుంది. ఊళ్లో ఎకరం మిరప ఉన్నా షెడ్డు పని మానేవాడు కాదు. మేస్త్రిగారి మీద కోపం వస్తే ఎడమ పక్కకి వెళ్లి, నవ్వు ముఖం పెట్టుకుని తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టేవాడు. ఆయన తల ఊపి "అలాగే, అలాగే" అనేవారు. ఒకసారి మాత్రం, "కోటయ్యా, నా చెవికి వినపడకపోయినా నీ నోటి కంపు ముక్కుకి తెలుస్తోందిరా" అన్నారు. కోటయ్య రెండు రోజులు పొగాకు మానేశాడు.

మా రోడ్డు మీద షెడ్లన్నిటిలో లారీ నట్లు బిగించే పద్ధతి ఒకటే. పానాకి రాడ్డు, రాడ్డుకి బారెడు పైపు తొడిగి, ఆ పైపు చివర ఎక్కి నిలబడాలి. లారీ బాడీ పట్టుకుని ఒంటి బరువంతా వేసి రెండుసార్లు ఊగాలి. అప్పటికీ కదలకపోతే నట్టు బిగిసినట్టు. డ్రైవర్లు పక్కనే నిలబడి చూస్తారు. ఎక్కకపోతే వాళ్లకి నమ్మకం కుదరదు. "ఎక్కమ్మా, ఇంకోసారెక్కు" అంటారు. నేను ఆ పనిలో బాగా ఆరితేరాను. కోటయ్య ఎగతాళి చేసేవాడు: "సువార్తక్క ఎక్కితే నట్టు బిగవడం కాదు, లారీయే దిగబడుద్ది." నాకు కోపం వచ్చేది కాదు. నా ఒళ్లు, నా బరువు ఒక పనికి ఇంతగా పనికొస్తాయని అంతకుముందు ఎవరూ అనలేదు.

నట్లు ఎక్కించే మరల కడ్డీలు, ఆ స్టడ్లు, బొటనవేలంత లావుండే లారీలకి మేస్త్రిగారు ఆ పద్ధతిని చూసీ చూడనట్టు వదిలేసేవారు. కార్లకి మాత్రం ఒప్పుకునేవారు కాదు. పాత లుంగీ గుడ్డలో చుట్టిన టార్క్ రెంచిని చెక్కపెట్టెలోంచి తీసేవారు. దాని పిడి తిప్పి ఏదో అంకె దగ్గర పెట్టేవారు. అంత బిగువు రాగానే అది టిక్కుమంటుంది, అక్కడితో ఆపాలి. నా కంటికి అదొక ఆటబొమ్మలా ఉండేది.

ఆ షెడ్డుకి ఒక పశువుల డాక్టరమ్మ వచ్చేవారు. ఆమె పేరు విజయలక్ష్మి. అద్దంకి నుంచి దర్శి దాకా ఎవరింట్లో గేదె ఈనలేకపోయినా ఆమెకే ఫోను వెళ్లేది. అన్నయ్య వాడి ఇచ్చిన జర్మనీ కారొకటి వేసుకుని ఒక్కరే తిరిగేవారు. ఒక రోజు వస్తూనే కారు దిగి చక్రాన్ని కాలితో తన్నారు.

"మేస్త్రిగారూ, ఈ చక్రం నన్ను చంపేస్తోందండీ! నిన్న రేగడి డొంకలో పంచరైంది. స్టెప్నీ ఎత్తి పట్టుకుంటాను, బోల్టు పెట్టబోతే కన్నం పక్కకి పోతుంది. కన్నం సరిచేస్తే చక్రం జారిపోతుంది. గంటన్నర! నేను వెళ్లేసరికి దూడ పోయింది. చూడిగేదె తన్నిన భుజం నాది, ఎంతసేపని మోస్తాను?"

మామూలు కార్లకి, చక్రం ఆనుకునే హబ్బులోంచి స్టడ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి. చక్రాన్ని వాటికి తగిలిస్తే మేకుకి చొక్కా తగిలించినట్టు నిలబడుతుంది. తర్వాత తీరిగ్గా నట్లు తిప్పుకోవచ్చు. ఆమె కారుకి స్టడ్లు లేవు. హబ్బులో కన్నాలే ఉన్నాయి. చక్రాన్ని మోస్తూ, దాని కన్నాన్నీ హబ్బు కన్నాన్నీ ఒకదానికొకటి సరిపెట్టి, బయటినుంచి బోల్టు దూర్చాలి. రెండు చేతులున్న మనిషికి మూడు చేతుల పని అది.

"బోల్టులు తీసేసి స్టడ్లు వేద్దామండీ," అన్నారు మేస్త్రిగారు. "తర్వాత మీరు చక్రం తగిలించి, కూర్చుని టీ తాగి కూడా నట్లు తిప్పుకోవచ్చు."

"ఒంగోల్లో లేతు మిషను మీద రేపటికల్లా చేసిస్తారు," అన్నాడు కోటయ్య.

"లేతు వాడు చేసిస్తే చూడ్డానికి స్టడ్డే. ఏ ఇనుముతో చేశాడో వాడికీ తెలీదు. డాక్టరుగారు ఎక్కే బండిరా అది." అని, సరైన ఉక్కుతో చేసినవి విజయవాడ నుంచి తెప్పించారు.

అవి వచ్చాక ఆయన పనిచేసిన తీరు ఇప్పటికీ నా కళ్లముందుంది. ముందు ఒక పాత బోల్టుని విప్పుతూ ఎన్ని చుట్లకి ఊడిందో లెక్కపెట్టారు. కొత్త స్టడ్డు హబ్బులోకి అన్ని చుట్లకి తక్కువ కాకుండా దిగాలన్నారు. కన్నాల మరల్ని తీగ బ్రష్షుతో తోమించారు. మరలు పట్టి ఉండే మందు పూసి ఒక్కో స్టడ్డూ దించి, అది వెనక వైపు పొడుచుకొచ్చి బ్రేకుకి తగలడం లేదని వేలు పెట్టి చూశారు. నట్టు అంచుకి దీపం మసి రాసి చక్రం కన్నంలో ఆనించి తీశారు. కన్నం చుట్టూ మసి నిండుగా అంటింది. "గీతలా అంటితే ఆ నట్టు పనికిరాదు. ఇలా ఉంగరంలా అంటాలి," అన్నారు. మందు ఆరడానికి ఆ రాత్రంతా కారుని స్టాండ్ల మీదే ఉంచాం.

మర్నాడు శుక్రవారం. కోటయ్య మిరప కోతలని రాలేదు. మధ్యాహ్నం మేస్త్రిగారు టోపీ పెట్టుకుని, రెంచి పిడి తిప్పి నా చేతికిచ్చారు.

"నమాజుకి వెళ్లొస్తా. చక్రాలు తగిలించి బిగించు. టిక్ అనగానే ఆపేయ్. టిక్ తర్వాత నీ చేయి వద్దు. కాలు అసలే వద్దు."

"అలాగేనండీ."

అలాగే చేశాను. నాలుగు చక్రాలు, ఇరవై నట్లు, ఇరవై టిక్కులు. తర్వాత లేచి నిలబడి చూశాను. నా బలంలో సగం కూడా వాడలేదు. ఒంటరి ఆడమనిషి ఆ డొంకల్లో తిరుగుతుంది. ఇంత తేలిగ్గా బిగించి పంపడమా? టిక్కుమన్నది ఆ పనిముట్టు కానీ నట్టు కాదు కదా, దాని మాట నేనెందుకు వినాలి అనిపించింది. పానాకి రాడ్డు పెట్టి, పైపు తొడిగి, ఇరవై నట్ల మీదా ఎక్కాను. ఎంతో మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

వెనక ఎడమ చక్రానికి, గాలి పట్టే నాబ్ పక్కనున్న నట్టు మీద ఎక్కినప్పుడు నా పాదం కింద ఏదో తేడా జరిగింది. బిగిసేకొద్దీ గట్టిపడాల్సింది మెత్తబడింది. ఉడికిన చిలగడదుంపలోకి వేలు దిగినట్టు దిగింది. చప్పున కిందికి దూకాను. చూస్తే అన్ని నట్లలాగే ఉంది. తుడిచాను. ఇంకోసారి చూశాను. అలాగే ఉంది.

అంతలోనే డాక్టరమ్మ సంచీ తగిలించుకుని ఆటో దిగారు. అద్దంకి దాటాక ఏదో ఊళ్లో పొద్దుట్నుంచీ గేదె నొప్పులు పడుతోందట. "ఇక పంచరైనా నాకు భయం లేదుగా సువార్తా?" అన్నారు నవ్వుతూ. "లేదమ్మా," అన్నాను. కారు వెళ్లిపోయింది. ఆ తర్వాత మేస్త్రిగారు వచ్చారు.

"టిక్ అన్నాయా?"

"ఇరవై అన్నాయండీ."

అది అబద్ధం కాదు. అందుకే నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది. ఆయన తల ఊపి వేరే పనిలో పడ్డారు. నా పాదానికి మాత్రం ఆ మెత్తదనం వదల్లేదు. చెబితే పని పోతుంది. మళ్లీ రాతి దుమ్ములోకి వెళ్లాలి. చెప్పకపోతే ఆ చక్రం ఎక్కడో ఒక చోట... గంటసేపు అలాగే కొట్టుకున్నాను. చివరికి ఒక ఉపాయం తోచింది. ఆయనకి ఎడమ పక్కగా వెళ్లి నిలబడి, మామూలుగా మాట్లాడుతున్నట్టే చెప్పేశాను.

"మేస్త్రిగారూ, టిక్ అన్నాక నేను పైపేసి ఎక్కానండీ. ఒక నట్టు మెత్తబడిందండీ."

ఆయన ట్యూబుకి అతుకు వేస్తున్నారు. చేయి ఆగలేదు. చెప్పేశాను, ఆయనకి వినపడకపోతే నా తప్పా అనుకుంటూ వెనక్కి తిరిగాను.

"అమ్మాయ్," అన్నారు. "ఈ పక్కకొచ్చి చెప్పు."

ఇప్పటికీ తెలీదు నాకు, ఆయనకేం అర్థమైందో. ఏ మనిషైనా ఎడమ పక్కకి వచ్చి మాట్లాడితే అనుమానించాలని కోటయ్య వల్ల తెలిసిందేమో. కుడి పక్కకి వెళ్లాను. ఆ నాలుగు అడుగులంత బరువు పదకొండేళ్లలో ఏ రాయికీ లేదు. మళ్లీ చెప్పాను.

ఆయన తిట్టలేదు. "ఏ చక్రం?" అన్నారు.

"వెనక ఎడమదండీ. నాబ్ పక్క నట్టు."

"ఎన్నింటి మీద ఎక్కావ్?"

"అన్నిటి మీదా."

డాక్టరమ్మకి ఫోను చేశారు. ఎత్తలేదు. మళ్లీ చేశారు. నాలుగోసారికి కూడా ఎత్తకపోతే జాకీ, పానాలు, రెంచి పెట్టె నా ఒళ్లో పెట్టి స్కూటరు తీశారు. అద్దంకి దాకా రోడ్డు పక్కన కాలవలన్నిటిలోకీ తొంగి చూస్తూనే వెళ్లాను. అద్దంకిలో ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఊరు తెలిసింది. డొంకకి రెండు వైపులా మిరప కల్లాలు. ఆడవాళ్లు తాలు కాయలు ఏరుతున్నారు. ఆ ఘాటుకి కళ్లు మండాయి. నాకు అంతకుముందు నుంచే నీళ్లు కారుతున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

కారు ఒక కొట్టం ముందు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. అంత అందమైన కారుని నేను మళ్లీ చూడలేదు.

డాక్టరమ్మ లోపల గేదె దగ్గర ఉన్నారు. మోచేతుల దాకా పనిలో ఉన్న మనిషిని పిలవొద్దని మేస్త్రిగారు వెనక చక్రం విప్పమన్నారు. నాబ్ పక్క స్టడ్డుని ఊడదీయించి, ఎక్కువ తెప్పించిన కొత్తదాని పక్కన పెట్టి చూపించారు. గోరు మందం పొడుగు సాగింది. నడుము దగ్గర సన్నబడింది. "ఇంకో గుంట, ఇంకో బ్రేకు పడుంటే తెగిపోయేది," అన్నారు. "మిగతావి ఎంత సాగాయో కంటికి తెలీదు. అన్నీ తీసేయాల్సిందే."

అంతలో డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. "దూడ బతికింది! అయ్యో, మేస్త్రిగారూ, ఇదేంటి, ఇంత దూరం వచ్చి నా చక్రాలు దొంగిలిస్తున్నారా?"

మేస్త్రిగారు నా వైపు చూశారు. చెప్పాల్సింది నేనే. చెప్పాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "కాలవ వంతెన మీద పత్తి ట్రాక్టరు ఎదురొస్తే అంచుదాకా దింపాను తెలుసా? నట్టు పాడైందని తెలిసే పంపావా?"

"తెలిసే పంపానమ్మా."

"ఇక ఈమె చేయి నా బండి మీద పడకూడదు మేస్త్రిగారూ."

ఆయన నన్ను వెనకేసుకు రాలేదు. "మీ బండి, మీ మాట డాక్టరుగారూ. ఈ ఒక్క పూటా ఓర్చుకోండి. నాకు మోకాళ్లు వంగవు, విప్పాల్సింది తనే," అన్నారు.

పాత బోల్టులు డాక్టరమ్మ డిక్కీలోనే గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఒక్కో స్టడ్డుకీ రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి బిగిస్తే ఆ రెండిటినీ పట్టుకుని స్టడ్డుని వెనక్కి తిప్పొచ్చు. అలా ఇరవై తీశాను. పాత బోల్టుని వేళ్లతో తిప్పి చూస్తే నూనెలో దిగినట్టు దిగింది. "హబ్బు మరలు బాగానే ఉన్నాయి," అన్నారు మేస్త్రిగారు, ఆ సాయంత్రం మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలి. చక్రాన్ని మోస్తూ బోల్టు దూర్చడం ఎంత కష్టమో అప్పుడు నాకూ తెలిసింది. డాక్టరమ్మ మంచం మీద కూర్చుని నా చేతులనే చూస్తూ ఉండిపోయారు. పొద్దు వాలేసరికి అయింది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఆయనే మొదలుపెట్టారు. "నేను చెప్పాను కదా. నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉందండీ," అన్నాను ఆయన కుడి చెవి దగ్గరికి వంగి. "ఆ టిక్ మీదే లేదు. అదెక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలీదు కదండీ."

స్కూటరు ఆపేశారు. రోడ్డు పక్కనే పెట్టె తెరిచి రెంచి పిడి చూపించారు. దాని చుట్టూ చీమల్లా ఏవో గీతలు.

"ఇక్కడ నూట ఇరవై అనుంది. నాకు కనపడుతుంది, నీకు కనపడదు. అందుకే నువ్వు నీ కాలిని నమ్ముకున్నావ్. అంకెలు రాని మనిషి చేతిలో అంకెల పనిముట్టు పెట్టి నేను నమాజుకి వెళ్లాను. ఇందులో నా తప్పూ ఉంది." పెట్టె మూసి, "రేపట్నుంచి ఒక గంట ముందు రా," అన్నారు.

పని పోయిందని చెప్పడానికే రమ్మంటున్నారేమో అనుకున్నాను. మర్నాడు వెళ్లేసరికి అరిగిపోయిన లారీ టైరొకటి గోడకి ఆనించి, చేతిలో సుద్దముక్క పట్టుకుని ఉన్నారు. పలకకంటే అదే నయం, పెద్దదీ నల్లదీ అన్నారు. ఆయన చదివింది ఐదో తరగతి. అంకెలతో మొదలుపెట్టారు. కోటయ్య వచ్చి చూసి, "సువార్తక్కా, కలెక్టరు పరీక్షకా?" అన్నాడు. "నువ్వు రాసే పరీక్షకే, ఇద్దరం కలిసి తప్పుదాం," అన్నాను. నవ్వుతూ వాడూ పక్కన కూర్చున్నాడు. వాడికి ఎక్కాలు నాకంటే ముందొచ్చాయి, అక్షరాలు నాకు ముందొచ్చాయి.

కొత్త స్టడ్లు రావడానికి మూడు వారాలు పట్టింది. డాక్టరమ్మ కారు తెచ్చి, నన్ను చూసి ముఖం తిప్పుకుని మేస్త్రిగారి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. ఆయన స్టడ్లు దించి, మందు ఆరాక మర్నాడు మూడు చక్రాలు బిగించారు. నాలుగోదాని దగ్గర మోకాళ్లు పట్టుకుని కూర్చుండిపోయారు. నిజంగా నొప్పో, కాదో నాకు తెలీదు. చూడ్డానికి ఆ రోజూ వచ్చి కూర్చున్న డాక్టరమ్మ లేచారు. "ఇలా ఇవ్వండి. డొంకలో పంచరైతే బిగించుకోవాల్సింది నేనేగా." చక్రాన్ని తనే ఎత్తి స్టడ్లకి తగిలించారు. అది నిలబడింది. ఆమె ముఖంలో చిన్నపిల్ల నవ్వు కనపడింది. రెంచి పట్టుకుని నా వైపు తిరిగారు.

"ఎంత మీద ఉందో చదువు."

వంగి చూశాను. చీమల్లాంటి గీతలు ఆ రోజు అంకెలయ్యాయి. "ఒకటి, రెండు, సున్నా. నూట ఇరవై అమ్మా."

ఆమె లాగారు. టిక్కుమంది. అలవాటు లేక ఇంకా లాగబోతుంటే, "ఆపండమ్మా!" అని అరిచాను. షెడ్డంతా అదిరింది. మేస్త్రిగారు కూడా ఉలిక్కిపడ్డారు. డాక్టరమ్మ చేయి ఆగింది. మిగతా నాలుగు నట్లకీ ప్రతి టిక్కుకీ నా వైపు చూసే ఆపారు. వెళ్లేటప్పుడు, "వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగువు చూడాలట కదా. నువ్వుంటావా?" అన్నారు. ఉంటానన్నాను.

తర్వాత్తర్వాత మేస్త్రిగారి కుడి చెవి కూడా పోయింది. అప్పటికి నాకు రాయడం వచ్చు కాబట్టి ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించేదాన్ని. ఆయన పెన్సిలు తీసుకుని ముందు నా తప్పులు దిద్దేవారు, ఆ తర్వాతే జవాబు చెప్పేవారు. ఒక్కోసారి దిద్దుతూ దిద్దుతూ జవాబు చెప్పడం మరిచిపోయేవారు. చర్చిలో నేను మొదటిసారి లేచి వాక్యం చదివిన ఆదివారం సంగతి కూడా అలాగే రాసి చూపించాను. అందులో మాత్రం ఏమీ దిద్దలేదు.

ఇప్పుడు షెడ్డు నేనూ కోటయ్యా నడుపుతున్నాం. పోయిన నెలలో ఒక కుటుంబం తిరుపతి వెళ్తూ ఆగి చక్రాలు మార్పించుకుంది. వాళ్లు వెళ్లిన పది నిమిషాలకి ఒక సంగతి గుర్తొచ్చింది. మూడో చక్రం దగ్గర ఉండగా నాకు ఫోనొచ్చింది. దానికి టిక్ తగిలిందో లేదో ఎంత ఆలోచించినా తేలలేదు. వాళ్లిచ్చిన నంబరుకి వెంటనే ఫోను చేసి, బండి పక్కకి ఆపమని చెప్పి బయల్దేరాను. ఒంగోలు దాటాక పెట్రోలు బంకు దగ్గర ఎండలో నిలబడి ఉన్నారు. రెంచి పెట్టాను. నట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముట్టుకుంటే చాలు టిక్కుమన్నాయి.

"ఏమీ లేదుగా. మాకు అరగంట పోయింది," అన్నాడు ఆ పెద్దమనిషి చిరాగ్గా.

"పోయిందండీ," అన్నాను.

వెనక సీట్లోంచి ఆయన భార్య, "పోనీలెండి, ఎండలో ఇంత దూరం వచ్చింది," అంది. ఆయన బండెక్కి వెళ్లిపోయాడు. నాకేమీ చిన్నతనం అనిపించలేదు. ఆ కారు తిరుపతి చేరి, కొండెక్కి దిగి, వాళ్ల ఊరికి తిరిగి వెళ్లిపోయి ఉంటుంది. నాకు తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం లేకుండా ఆ రోజు హాయిగా నిద్రపోయాను. ఖాజా మేస్త్రిగారి దగ్గర్నుంచి నేను తెచ్చుకున్నది ఆ నిద్రే.